మూడు మాటల రామాయణం, రెండు వాక్యాల యుద్ధం

పెద్ద కథని ఒక్క వాక్యంలోకి కుదించడం అనే పని మనిషి ఎప్పట్నుంచి చేస్తున్నాడు, ఎందుకు చేస్తున్నాడు, ఆ వాక్యం ఎవరి చేతిలో పడితే ఏం జరిగింది? ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఇదే చెప్పుకుందాం. మధ్యలో ఒక యుద్ధం కూడా ఉంది. నిజం యుద్ధమే. ఒక టెలిగ్రాంలోంచి కొన్ని ముక్కలు తీసేసి పేపర్‌కి ఇస్తే, ఆరు రోజులు తిరిగేసరికి రెండు పెద్ద దేశాలు యుద్ధంలోకి దిగిపోయాయి. అక్కడిదాకా వెళ్దాం. ముందు మన ఇంటి దగ్గర మొదలుపెడదాం.

ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా కుర్రాడు కథ పట్టుకుని ప్రొడ్యూసర్ దగ్గరకి వెళ్తే మొదటి ప్రశ్న ఏంటో మీకు తెలుసు. "లైన్ ఏంటి?" రెండున్నర గంటల సినిమాకి, రెండేళ్లు కూర్చుని రాసుకున్న స్క్రిప్ట్‌కి, ముందు ఒక్క లైన్ కావాలి. అది నచ్చితేనే కుర్చీ వేస్తారు, టీ వస్తుంది, మిగతా కథ వింటారు. మన ఇళ్లల్లో అమ్మమ్మలు కూడా ఇదే అడిగేవాళ్లు: "ఆ సోదంతా ఎందుకురా, ఒక్క ముక్కలో చెప్పు." అమ్మమ్మ అడిగినా, ప్రొడ్యూసర్ అడిగినా ప్రశ్న ఒకటే. ఆ ఒక్క ముక్క ఏది?

కట్టె, కొట్టె, తెచ్చె

ఈ విద్యలో తెలుగువాళ్ల రికార్డు ఒకటుంది. రామాయణం మొత్తం మూడు మాటల్లో చెప్పేశాం. కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతని తెచ్చాడు. అయిపోయింది. వాల్మీకి రామాయణం 24,000 శ్లోకాలని చెబుతారు. మనం మూడు క్రియలతో సరిపెట్టాం.

ఇది ఎలా కుదిరిందో ఒకసారి గమనించండి. ఇందులో ఒక్క పేరు కూడా లేదు. రాముడు లేడు, రావణుడు లేడు, సీత లేదు, లంక లేదు. ఉన్నవి పనులు మాత్రమే. తెలుగులో ఉన్న సౌకర్యం అది. క్రియ ఒక్కటి చెబితే చాలు, చేసినవాడెవడో వినేవాడే పూరించుకుంటాడు. పైగా మూడు మాటలూ రెండేసి అక్షరాలు, మూడూ ఒకే రకంగా ముగుస్తాయి. చిన్నపిల్లాడికి ఒక్కసారి చెబితే జన్మలో మర్చిపోడు.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష పెడదాం. రామాయణం అసలు తెలియని మనిషి ఎవరైనా ఉంటే, వాడికి ఈ మూడు మాటలు చెప్పి చూడండి. వాడికి ఏం అర్థమవుతుంది? ఎవడో అడవికి వెళ్లి కట్టె కొట్టి ఇంటికి తెచ్చాడు అనుకుంటాడు! నిజంగానే ఆ మాటలకి ఆ అర్థం కూడా వస్తుంది కదా. అంటే ఈ మూడు మాటల్లో రామాయణం లేదు. రామాయణం మన బుర్రలో ముందే ఉంది. తోలుబొమ్మలాటలో చూసి, హరికథలో విని, ఎన్టీఆర్ సినిమాల్లో చూసి లోపల దాచుకున్నాం. ఈ మూడు మాటలు దాని తాళంచెవి. ఇల్లు మన దగ్గర ఉంటే తాళంచెవితో పని. ఇల్లే లేనివాడికి అది ఇనుపముక్క.

ఇంకో సామెత కూడా గుర్తు చేసుకుందాం. రాత్రంతా రామాయణం విని, పొద్దున్నే లేచి రాముడికి సీత ఏమవుతుంది అని అడిగాడట ఒకడు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడు కథంతా విన్నాడు, అందులో అసలు ముక్క దొరకలేదు. ఇంకొకడికి అసలు ముక్క మాత్రమే తెలుసు, కథ తెలియదు. మన పెద్దవాళ్లు ఇద్దరినీ వెక్కిరించారు. ఎవరైనా జరిగింది మరీ పొట్టిగా చెప్పేస్తే "ఏంటి, కట్టె కొట్టె తెచ్చె అన్నట్టు చెప్పేశావు" అని ఇప్పటికీ అంటాం. అంటే ఆ మూడు మాటల్ని కనిపెట్టినవాళ్లకే, అది సరిపోదు అని కూడా తెలుసన్నమాట.

పాతకాలంలో పొట్టి కథ ఎందుకు?

ఇది మనం ఒక్కళ్లమే చేసిన పని కాదు. వాల్మీకి రామాయణంలోనే మొదటి సర్గ ఏంటో తెలుసా? కథ మొత్తం క్లుప్తంగా చెప్పేయడమే. సకల గుణాలు ఉన్న మనిషి ఈ లోకంలో ఎవరున్నారు అని వాల్మీకి అడిగితే, నారదుడు రాముడి కథ సుమారు 100 శ్లోకాల్లో చెప్పేస్తాడు. దాన్నే సంక్షేప రామాయణం అని విడిగా పారాయణ కూడా చేస్తారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే సినిమా మొదలవకముందే కథంతా స్పాయిలర్! అయినా ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో వినేవాళ్లు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కూర్చోలేదు. ఎలా జరిగిందో వినడానికి కూర్చున్నారు.

మహాభారతం ఇంకో అడుగు ముందుకేసింది. ఆదిపర్వంలోనే ఈ విషయం నేరుగా మాట్లాడుతుంది. ఇంత పెద్ద కథని వ్యాసుడు విస్తరించీ చెప్పాడు, సంక్షేపంగానూ చెప్పాడు, తెలిసినవాళ్లకి రెండు రూపాలూ ఇష్టమే అనే అర్థం వచ్చే మాట అక్కడ ఉంది. లక్ష శ్లోకాల గ్రంథం అని పేరు తెచ్చుకున్న పుస్తకం, పొట్టిగా చెప్పడాన్ని తక్కువ చేయలేదు. రెండూ ఉండాలంది.

అటు గ్రీసులో క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఇదే పని చేశాడు. హోమర్ రాసిన ఒడిస్సీ 24 భాగాల కావ్యం. నాటకాలూ కావ్యాలూ ఎలా రాయాలో చెప్పే తన పోయెటిక్స్‌లో దాన్ని నాలుగైదు వాక్యాల్లో తేల్చేశాడు. ఒక మనిషి ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉన్నాడు, సముద్ర దేవుడు పగబట్టాడు, వాడు ఒంటరి. అక్కడ ఇంట్లో, భార్యని పెళ్లాడతామని వచ్చినవాళ్లు ఆస్తి తినేస్తున్నారు, కొడుకుని చంపాలని చూస్తున్నారు. తుఫాన్లు దాటి ఇంటికొచ్చి, తానెవరో కొందరికి చెప్పి, శత్రువుల్ని చంపి బతికి బయటపడ్డాడు. అసలు కథ ఇంతే, మిగతావన్నీ ఉపకథలు అన్నాడు. ఇక్కడ కూడా హీరో పేరు చెప్పలేదు చూడండి. ఒక మనిషి అన్నాడంతే. గ్రీసులోనూ కథ పిండితే మొదట రాలిపోయింది పేర్లే. మిగిలింది పనులు, పట్టుదలలు.

అయితే అరిస్టాటిల్‌కి గానీ, మన పెద్దవాళ్లకి గానీ పొట్టిగా చెప్పడం వల్ల డబ్బు మిగల్లేదు. గుర్తుండటం కోసం, నేర్పడం కోసం చెప్పారు. ఆ లెక్క 19వ శతాబ్దంలో మారిపోయింది.

మాటకింత రేటు

1844 మే 24న శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి తీగ మీద ఒక వార్త పంపాడు. అప్పటిదాకా వార్త ఎంత వేగంగా వెళ్లేది అంటే గుర్రం ఎంత వేగంగా పరిగెడితే అంత, ఓడ ఎంత వేగంగా వెళ్తే అంత. ఇప్పుడు వార్త మనిషిని దాటిపోయింది. మన దేశంలో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా తీగ వేసినవాడు ఓషానెస్సీ అనే డాక్టర్. 1855 నుంచి టెలిగ్రాం మామూలు జనానికి కూడా అందుబాటులోకి వచ్చింది.

వేగం వచ్చింది, దాంతోపాటు బిల్లు కూడా వచ్చింది. టెలిగ్రాంకి మాటల లెక్కన డబ్బు కట్టాలి. మాట పెరిగితే రేటు పెరుగుతుంది. దాంతో మనుషులు వాక్యాల్ని చెక్కడం మొదలుపెట్టారు. మర్యాదలు తీసేశారు, విశేషణాలు తీసేశారు, "ఎందుకంటే" అనే మాట తీసేశారు. మన పాత సినిమాల్లో చూసే ఉంటారు: "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." ఆ నాలుగు మాటలు చదివి కొడుకు రైలెక్కుతాడు. దారంతా వాడికి తెలియనిది ఒకటే. నాన్న బతికి ఉన్నాడా, లేక పోయాడు అనే మాట రాయలేక సీరియస్ అని రాశారా? ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి అని పాతతరం వాళ్లు చెబుతారు. మన దేశంలో ఆ సర్వీసు 2013 జులైలో ఆపేశారు. మీలో చాలామంది టెలిగ్రాం అంటే యాప్ అనుకునే వయసువాళ్లే.

ఇదే తీగ మీద వార్తా సంస్థలు పెరిగాయి. పారిస్‌లో హవాస్, న్యూయార్క్‌లో అసోసియేటెడ్ ప్రెస్, బెర్లిన్‌లో వోల్ఫ్, లండన్‌లో రాయిటర్స్, అన్నీ 1835, 1851 మధ్య మొదలైనవే. ఇప్పుడు కొత్త పరిస్థితి వచ్చింది. కట్టె కొట్టె తెచ్చె విన్నవాడికి కథ ముందే తెలుసు. పేపర్లో రెండు వాక్యాల టెలిగ్రాం వార్త చదివినవాడికి వెనక కథ తెలియదు. వాడికి ఆ రెండు వాక్యాలే కథ. ఈ తేడా ఎంత పెద్దదో 1870లో తెలిసింది.

ఎమ్స్ నుంచి వచ్చిన టెలిగ్రాం

అప్పటికి జర్మనీ అని ఒక దేశం లేదు. చిన్నా పెద్దా రాజ్యాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది ప్రష్యా. రాజు మొదటి విల్హెల్మ్, ఆయన ప్రధానమంత్రి బిస్మార్క్. పక్కన ఫ్రాన్స్, అక్కడ చక్రవర్తి మూడో నెపోలియన్. స్పెయిన్‌లో 1868లో విప్లవం వచ్చి రాణి దేశం వదిలిపోయింది. ఖాళీగా ఉన్న ఆ సింహాసనం లియోపోల్డ్ అనే జర్మన్ యువరాజుకి ఇస్తామన్నారు. ఆయనది ప్రష్యా రాజు వంశమే, హోహెన్‌జొల్లెర్న్. ఇది తెలిసి ఫ్రాన్స్ భగ్గుమంది. అటు తూర్పునా వాళ్లే, ఇటు దక్షిణానా వాళ్లే అయితే మధ్యలో మన పరిస్థితి ఏంటి అని భయం.

గొడవ పెద్దదవుతుంటే 1870 జులై 12న లియోపోల్డ్ తండ్రి, కొడుకు తరఫున ఆ సింహాసనం వద్దని ప్రకటించాడు. అంటే ఫ్రాన్స్ గెలిచింది. అక్కడితో ఆగితే ఈ ఎపిసోడే ఉండేది కాదు. ఫ్రాన్స్ ఆగలేదు. ఇకముందు ఎప్పటికీ ఇలాంటిదానికి ఒప్పుకోనని ప్రష్యా రాజు మాట ఇవ్వాలి అంది.

రాజు అప్పుడు బాద్ ఎమ్స్ అనే ఊళ్లో ఉన్నాడు. అక్కడి నీటి బుగ్గలు ఒంటికి మంచివని పెద్దవాళ్లు వెళ్లి కొన్నాళ్లు ఉండే ఊరు. జులై 13 ఉదయం రాజు వాకింగ్‌కి వస్తే, ఫ్రెంచ్ రాయబారి బెనెడెట్టి ఎదురుపడి ఈ కోరిక అడిగాడు. రాజు కుదరదన్నాడు. శాశ్వతంగా మాట ఇవ్వడం సరికాదు, వీలూ కాదు అన్నాడు. రాయబారి మళ్లీ మళ్లీ అడగడంతో రాజుకి కాస్త చిరాకు కూడా వచ్చింది. లియోపోల్డ్ తప్పుకున్న సంగతి అప్పటికి తనకింకా అధికారికంగా అందలేదని కూడా చెప్పాడు. తర్వాత ఆ కబురు అందింది. అప్పుడు తన సహాయాధికారితో రాయబారికి చెప్పించాడు: మీకు పారిస్ నుంచి ముందే తెలిసిన కబురు నాకూ అందింది, ఇక చెప్పడానికి ఏమీ లేదు.

ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోండి. "ఇక చెప్పడానికి ఏమీ లేదు." ఎందుకు లేదు? విషయం తేలిపోయింది కాబట్టి లేదు.

జరిగిందంతా రాజు దగ్గర ఉన్న ఆబెకెన్ అనే అధికారి బెర్లిన్‌లో బిస్మార్క్‌కి టెలిగ్రాం చేశాడు. ఈ సంగతి పత్రికలకీ, మన రాయబారులకీ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం అని రాజు మాటగా అందులో ఉంది. ఆ సాయంత్రం బిస్మార్క్‌తో భోజనానికి కూర్చున్నవాళ్లు ఇద్దరు. సేనాధిపతి మోల్ట్‌కె, యుద్ధమంత్రి రూన్. ఫ్రాన్స్ ముందు తలవంచామని ముగ్గురూ దిగులుగా ఉన్నారు. టెలిగ్రాం వచ్చింది. యుద్ధానికి మన సైన్యం సిద్ధమేనా అని బిస్మార్క్ మోల్ట్‌కెని అడిగాడు. సిద్ధమే అన్నాడాయన. బిస్మార్క్ పెన్సిల్ తీశాడు.

ఆయన చేసిన పని మన టాపిక్‌కి గుండెకాయ లాంటిది. అబద్ధం ఒక్కటి కూడా కలపలేదు. తీసేశాడు అంతే. సగానికి దగ్గరగా కుదించి రెండు వాక్యాలు చేశాడు. మొదటి వాక్యం: లియోపోల్డ్ తప్పుకున్నట్టు ఫ్రాన్స్‌కి తెలిసిన తర్వాత కూడా, ఫ్రెంచ్ రాయబారి ఎమ్స్‌లో మన రాజుని ఇలా మాట ఇమ్మని అడిగాడు. రెండో వాక్యం: దాని మీదట రాజు ఆ రాయబారిని మళ్లీ కలవడానికి నిరాకరించి, ఇక చెప్పడానికి ఏమీ లేదని సహాయాధికారితో చెప్పించాడు.

చూశారా? "నాకూ కబురు అందింది" అనే ముక్క పోయింది. ఆ ముక్క ఉంటే చివరి మాటకి అర్థం, విషయం అయిపోయింది అని. ఆ ముక్క లేకపోతే అదే మాటకి అర్థం, బయటికి నడువు అని. మాటలు అవే, అర్థం తలకిందులైంది. కారణం తీసేస్తే, మామూలు మాట అవమానం అయిపోయింది.

ఇది చదివి వినిపించాక బల్ల దగ్గర దిగులు పోయి, మళ్లీ ఆకలి పుట్టిందని బిస్మార్క్ తర్వాత తన జ్ఞాపకాల్లో గొప్పగా చెప్పుకున్నాడు. ఆయన కాస్త ఎక్కువ చేసి చెప్పుకున్నాడని చరిత్రకారులు అంటారు. టెలిగ్రాం మార్చాడన్నది మాత్రం కాదనలేం, ఎందుకంటే రెండు పాఠాలూ మన ముందు ఉన్నాయి.

ఆ రాత్రే బెర్లిన్‌లో పేపర్ ప్రత్యేక సంచిక వచ్చింది. మర్నాడు పారిస్‌కి చేరింది. అక్కడ ఇంకో చిక్కు పడింది. రాజు పంపిన సహాయాధికారిని జర్మన్‌లో అడ్జుటంట్ అంటారు, అది పెద్ద హోదా. ఫ్రెంచ్‌లో దాదాపు అదే మాట, అడ్జుడాన్, సైన్యంలో చిన్న ఉద్యోగికి వాడతారు. వార్తా సంస్థ ఆ మాటని అలాగే దించేసింది. మన రాయబారికి ఒక చిన్న ఉద్యోగితో కబురు పెట్టారా అని పారిస్ మండిపోయింది. జనం వీధుల్లోకి వచ్చారు. యుద్ధం కావాలని అరిచారు.

సరిగ్గా అదే రోజు, జులై 14న, ఎమ్స్ రైల్వే స్టేషన్‌లో ఏం జరిగిందో తెలుసా? రాజు ఊరు వదిలి వెళ్తుంటే బెనెడెట్టి వచ్చి కలిశాడు. ఇద్దరూ మర్యాదగానే వీడ్కోలు చెప్పుకున్నారు. ఎవరిని అవమానించారని పారిస్ ఊగిపోతోందో, ఆ మనిషి అవమానించాడన్న రాజుతో మామూలుగా మాట్లాడి పంపించాడు. కథలో ఉన్న ఇద్దరికీ కథ తెలుసు. ఊగిపోతున్న లక్షల మందికి తెలిసింది రెండు వాక్యాలు.

జులై 15న ఫ్రెంచ్ పార్లమెంటులో యుద్ధానికి డబ్బు అడిగారు. అప్పుడు తియేర్ అనే పెద్దాయన లేచి అడ్డం తిరిగాడు. అసలు ఆ టెలిగ్రాంలు, ఆ కాగితాలు మాకు చూపించండి, చూశాక నిర్ణయిద్దాం అన్నాడు. ఈ మొత్తం కథలో సరైన ప్రశ్న అడిగింది ఆయనే. సభలో అరుపులతో ఆయన నోరు మూయించే పని చేశారు. జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది.

సెప్టెంబర్ 2న సెడాన్ దగ్గర ఫ్రెంచ్ చక్రవర్తే స్వయంగా లొంగిపోయాడు. పారిస్‌ని చుట్టుముట్టి నాలుగు నెలలకి పైగా తిండి లేకుండా చేశారు. 1871 జనవరి 18న, ఫ్రెంచ్ రాజుల వెర్సాయ్ మహల్లోనే జర్మన్ సామ్రాజ్యం ప్రకటించారు. ఫ్రాన్స్ అల్సేస్, లొరెయిన్‌లో కొంత భాగం పోగొట్టుకుంది, 500 కోట్ల ఫ్రాంకులు కట్టింది. ఆ పగ 1914 దాకా, ఆ తర్వాత కూడా నడిచింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండు వాక్యాల వల్లే యుద్ధం వచ్చింది అంటే, అది కూడా కట్టె కొట్టె తెచ్చె లాంటి చరిత్రే. రెండు వైపులా యుద్ధం కోరుకునేవాళ్లు ముందే ఉన్నారు. మందుగుండు ఎప్పట్నుంచో పోగుపడి ఉంది. టెలిగ్రాం అగ్గిపుల్ల. ఇంకో సంగతి, పూర్తి టెలిగ్రాం ఎప్పుడు బయటపడిందో చూడండి. 1892లో, బిస్మార్క్ పదవి పోయాక, ఆయన తర్వాత వచ్చిన కాప్రివి పార్లమెంటులో చదివాడు. 22 ఏళ్లు పట్టింది. తియేర్ 1870లో అడిగిన ప్రశ్నకి జవాబు అన్నేళ్లకి వచ్చింది.

సినిమా వాళ్ల వాక్యం

ఇప్పుడు మూడో రకానికి వద్దాం. హాలీవుడ్‌లో దీన్ని లాగ్‌లైన్ అంటారు. స్టూడియోలకి వచ్చిపడే స్క్రిప్టులన్నీ పెద్దవాళ్లు చదవలేరు కాబట్టి, చదివేవాళ్లు ఒక్కోదానికి ఒక్క వాక్యం రాసిపెట్టేవాళ్లు. తర్వాత టీవీ వచ్చింది. టీవీ గైడ్ లాంటి పత్రికల్లో ఒక్కో సినిమాకి దొరికే చోటు ఒకటి రెండు లైన్లే. ఇప్పుడు మీరు ఓటీటీలో పోస్టర్ మీద నొక్కితే కింద కనిపించే వాక్యం దాని మనవడే.

మంచి లైన్‌లో ఏముండాలి? ఎవరు, వాళ్లకి ఏం కావాలి, అడ్డం ఏంటి, ఓడిపోతే ఏం పోతుంది. మన 1957 మాయాబజార్‌ని తీసుకుందాం. "పెద్దలు మాట తప్పడంతో విడిపోతున్న ప్రేమజంటని కలపడానికి, ఒక రాక్షసుడు పెళ్లికూతురి రూపంలో పెళ్లివారింట్లో దిగుతాడు." ఇది చదివితే వెంటనే ఏమనిపిస్తుంది? తర్వాత ఏమైంది? అదే ఈ వాక్యం పని. ఇందులో పెద్దల మాట, ప్రేమ, రాక్షసుడు, పెళ్లి ఇల్లు ఉన్నాయి. రాక్షసుడు పెళ్లికూతురు కావడం అనే ఒక్క వింతలోనే నవ్వంతా ఉంది. పాండవులు లేరు. సినిమాలో కూడా పాండవులు తెర మీద కనిపించరు, ఎవరికీ లోటు అనిపించదు. అంటే ఆ సినిమా తీసినవాళ్లకి తమ లైన్ ఏంటో బాగా తెలుసు.

ఇప్పుడు మూడిటినీ పక్కన పెట్టండి. కట్టె కొట్టె తెచ్చె ముగింపు చెప్పేస్తుంది, ఎందుకంటే అది తెలిసినవాడికి గుర్తుచేసే వాక్యం. సినిమా లైన్ ముగింపు దాచేస్తుంది, ఎందుకంటే అది తెలియనివాణ్ణి లోపలికి పిలిచే వాక్యం. ఎమ్స్ వార్త కారణాన్ని దాచేసి, ఇదే మొత్తం అన్నట్టు నటించింది. మొదటి రెండూ విన్నాక మనకి ఇంకా వినాలనిపిస్తుంది. మూడోది విన్నాక ఇక వినక్కర్లేదు అనిపిస్తుంది. ప్రమాదం అక్కడ ఉంది.

తెచ్చె తర్వాత

పోనీ, తెలిసినవాళ్ల మధ్య చెప్పుకునే పొట్టి వాక్యం అయితే ఏ నష్టమూ లేదా? అక్కడా ఒకటుంది. మళ్లీ ఆ మూడు మాటలు చూడండి. మూడూ చేసింది రాముడే. సీత ఎక్కడుంది? తెచ్చె అనే మాటలో తేబడిన మనిషిగా ఉంది. ఆమె అడవికి వస్తానని పట్టుబట్టడం, లంకలో ఒంటరిగా నిలబడటం, నిప్పుల్లో దూకడం, తర్వాత మళ్లీ అడవి, ఇవేవీ ఆ వాక్యంలో పట్టలేదు. కథ పిండినప్పుడు ఎవరు పిండుతున్నారో వాళ్లకి ముఖ్యం అనిపించింది మిగులుతుంది.

మన తెలుగు ఆడవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఇళ్లల్లో తరతరాలుగా పాడుకున్న స్త్రీల రామాయణపు పాటలు ఉన్నాయి. వాటిలో యుద్ధానికి పెద్ద చోటు లేదు. వారధి ఎంత పొడవో వాళ్లకి అక్కర్లేదు. కౌసల్య పురిటి నొప్పుల మీద పాట ఉంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన లక్ష్మణుడి భార్య మీద ఊర్మిళాదేవి నిద్ర అని పాట ఉంది. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటల మీద రాసిన వ్యాసం 1991లో అచ్చయ్యాక ప్రపంచంలో చాలామంది పండితులు వీటివైపు చూశారు. మూడు మాటలు ఏం వదిలేశాయో, ఆ పాటలు సరిగ్గా అక్కడే మొదలవుతాయి. ఊర్మిళ వైపు నుంచి రామాయణం ఒక్క వాక్యంలో చెప్పమంటే, "అందరూ వెళ్లిపోయారు, ఆమె నిద్రపోయింది" అని చెప్పొచ్చు. అదే కథ. వాక్యం వేరు.

మరి మన ఫోన్‌లో

ఇవాళ మీ ఫోన్‌లోకి రోజూ వచ్చేవి ఎక్కువగా ఇలాంటి వాక్యాలే. థంబ్‌నెయిల్, హెడ్డింగ్, ఫార్వర్డ్, ముప్పై సెకన్ల క్లిప్. పొట్టిగా ఉండటం తప్పు కాదు. మహాభారతమే పొట్టిగానూ ఉండాలంది కదా. ఒక వాక్యం చదివి ఒళ్లు మండినప్పుడు మాత్రం తియేర్‌ని గుర్తు తెచ్చుకోండి. కాగితాలు చూపించండి అనండి. ఇది ఎందుకు జరిగింది అనే ముక్క ఇందులో ఉందా? చెప్పినవాడు ఎవడు, వాడికి నేను కోపం తెచ్చుకుంటే లాభమా? ఆ కథలో ఉన్న అసలు మనుషులు ఏమంటున్నారు? స్టేషన్‌లో ఆ ఇద్దరూ మర్యాదగా విడిపోతున్నారేమో.

మీరే వాక్యం రాయాల్సి వస్తే? మీ షార్ట్ ఫిల్మ్‌కో, ప్రాజెక్ట్‌కో, ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పడానికో? ముందు మొత్తం కథ పెద్దగా రాసుకోండి. తర్వాత ఒక్కో ముక్క తీసేసి చూడండి. పేర్లు తీస్తే నష్టం లేదు. విశేషణాలు తీస్తే ఇంకా బాగుంటుంది. ఏ ముక్క తీస్తే అర్థమే తిరగబడుతుందో, అది మాత్రం వదలకండి. బిస్మార్క్‌కి ఆ ముక్క ఏదో బాగా తెలుసు. అందుకే సరిగ్గా దాన్నే తీశాడు.

ఇవాళ్టికి ఒక పని ఇస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి, వాళ్ల జీవితం ఒక్క వాక్యంలో చెప్పమనండి. తర్వాత, ఆ వాక్యంలో పట్టనిది ఏంటో అడగండి. మొదటి ప్రశ్నకి నిమిషంలో జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకి ఒక సాయంత్రం పడుతుంది, ఫోన్ పక్కన పెట్టి వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.